టికెట్ పైసలు, పంతులు జీతం

మంచిర్యాల జిల్లా కాసిపేట మండలంలో సింగరేణి బొగ్గు బాయిలున్నాయి, దేవాపూర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది, అడవి అంచున కొలాం, గోండు గూడేలున్నాయి. ఈ దిక్కు బాయిల్లో బొగ్గెత్తినవాళ్ల పిల్లలు కొందరు చదువుకుని అమెరికా చేరారు. వాళ్ల పిల్లలు అక్కడ హైస్కూలు వయసుకొచ్చారు. ఆ పిల్లల్ని సెలవుల్లో తీసుకొచ్చి, తాతల ఊరి పక్కనున్న గూడెం బడిలో రెండు వారాలు సేవ చేయించాలన్న కోరిక ఇప్పుడు ఆ తల్లిదండ్రుల్లో పుట్టింది. కాలేజీ దరఖాస్తులో ఇలాంటి సేవకు విలువ ఉంటుందన్న లెక్క కూడా అందులో కలిసి ఉంది.

నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో దీని మీద మేనమామకూ మేనకోడలికీ ఒక రాత్రంతా వాదం నడిచింది. మామ కోల్ ఫిల్లర్‌గా బాయిలో చేరి, యూనియన్‌లో తిరిగి, రిటైరైన మనిషి. కోడలు మందమర్రి క్వార్టర్లలో పెరిగి చికాగోలో నర్సుగా చేస్తున్నది. ఇద్దరికీ గూడెం మీద ప్రేమ ఉంది, ఇద్దరికీ పట్టుదలా ఉంది. పేర్లు పక్కనబెట్టి మాటలు రాస్తున్నాను.

మేనకోడలు: డిసెంబర్‌ల పన్నెండు మంది పిల్లలు వస్తరు మామా. అందరూ మన దిక్కోళ్ల పిల్లలే, తాతలు బాయిల చేసినోళ్లే. రెండు వారాలు గూడెం బడిల ఇంగ్లీషు చెప్తరు, గోడలకు రంగులేస్తరు, పుస్తకాలు తెచ్చి లైబ్రరీ పెడ్తరు. నువ్వు హెడ్మాస్టర్‌తోని ఒక్క మాట మాట్లాడితే చాలు.

మేనమామ: నేను మాట్లాడ బిడ్డా. రెండు వారాలల్ల ఏం ఇంగ్లీషు అస్తది? పేరేందని అడుగుడు నేర్చేసరికి టాటా చెప్పుడైతది. ఇగ రంగులంటవా, కాసిపేటల పెయింటింగ్ పని చేసేటోళ్లు పని దొరకక కూసున్నరు. వాళ్లకు నాలుగు రోజుల కూలి దొరికే పనిని మీ పిల్లలు ఉత్తగ చేస్తే ఎవలికి లాభం? అది గాదు, ఒక సంగతి చెప్పు. డిసెంబర్‌ల ఒక్కొక్కరికి రానుపోను టికెట్ ఎంతైతది?

మేనకోడలు: క్రిస్మస్ సెలవులు కదా. లక్షా ఇరవై వేలకు తక్కువ గాదు.

మేనమామ: విద్యా వాలంటీర్‌కు సర్కారు నెలకు 12 వేలు ఇచ్చేది. బడి నడిచేది పది నెలలు. అంటే ఒక్క టికెట్ పైసలు ఒక పంతులు ఏడాది జీతం. 2020ల కరోనాతోని బడులు మూతవడ్డంక వాళ్ల పని గూడ పోయింది. బీఈడీ చేసి సెంట్రింగ్ పనికి పోయిన పోరగాండ్లను నేను చూసిన. నీ పన్నెండు టికెట్లతోని పన్నెండు మంది పంతుళ్లు ఏడాదంత బడిల ఉంటరు. ఇగ ఏది సేవో నువ్వే చెప్పు.

మేనకోడలు: నీ లెక్కల తప్పు లేదు. కానీ పైసలు గట్ల నడువయి మామా. పిల్లకు టికెట్ కొనే తండ్రి, పంతులుకు జీతమియ్యమంటే ఇయ్యడు. ఆ పంతులు ఎవలో, ఆ గూడెం ఎక్కడున్నదో ఆయన మనసుల లేదు. పిల్ల వచ్చి, ఆడ కూసోని, ఆ పిల్లలతోని అన్నం తిని పోతే అప్పుడు ఇస్తడు. నన్నే చూడు. మందమర్రి క్వార్టర్లల్ల పెరిగిన. కొలాం పిల్లలను అంగట్ల చూసుడే తప్ప, వాళ్ల గూడెంల ఒక్కనాడు అడుగు పెట్టలే. మనింట్ల ఎవ్వలూ పెట్టలే. చికాగోల ఒక క్లినిక్‌ల వాలంటీర్‌గ చేసినంక, ఇల్లు లేనోళ్ల కాళ్లకు కట్లు కట్టినంక, ఊరికొచ్చినప్పుడు మొదటిసారి ఆ గూడెంకు పోయిన. దూరం పోతేనే దగ్గరిది కనవడ్డది నాకు. నా పిల్లలకు ఆ దారి ఎందుకు మూస్తవ్?

మేనమామ: నీకు కనవడ్డది, మంచిగైంది. నువ్వు మారినవ్, కాదన. గూడెంకు ఏమైంది? నేను అడిగేది గదొక్కటే. మీరు దేశాలు దాటి మంచోళ్లయ్యేతందుకు ఆ పోరలు దినాం తయారై వరుసల నిలబడాల్నా? ఇంకో మాట బిడ్డా, మనసుకు తీస్కోకు. మన పోరడు గల్ఫ్ పోతే కూలీ. అమెరికా పోరడు ఈడికొస్తే సేవకుడు. ఇద్దరూ దేశం దాటినోళ్లే. గూడెం పోరడు నేను చికాగోల ముసలోళ్లకు సేవ చేస్తనంటే ఏ ఆఫీసోడు వీసా ఇస్తడు?

ఈ మాట దగ్గర కోడలు చాలాసేపు మాట్లాడలేదు. సేవ ఎవరు చేస్తారు, ఎవరు చేయించుకుంటారు అన్నది మంచి మనసు మీదే ఆధారపడదనీ, పాస్‌పోర్టు మీదా ఆధారపడుతుందనీ ఇంత సూటిగా చెప్పినవాళ్లను నేను వినలేదు. కానీ ఆమె ఓడిపోలేదు. మన పాత ఆదిలాబాద్ జిల్లా చరిత్రలోనే జవాబు వెతికింది.

మేనకోడలు: సరే, మరి మార్లవాయి సంగతేంది? ఆంత్రోపాలజిస్ట్ హైమన్‌డార్ఫ్ వియన్నా నుంచి వచ్చిండు. భార్య బెట్టీ ఇంగ్లండ్ మనిషి. ఇద్దరూ ఆ గోండు గూడెంల గుడిసె వేసుకోని ఉన్నరు. గోండులకు చదువు, భూమి పట్టాలు వాళ్ల కాలంలనే వచ్చినయి. 1940లల్ల ఆదిలాబాద్ జిల్లాల లక్షా అరవై వేల ఎకరాల దాక ఆదివాసులకు పట్టాలైనయి. వాళ్లు బయటోళ్లు గాదా? కొడుకు పుడితే లచ్చు పటేల్ అని గోండు పేరు పెట్టుకున్నరు. బెట్టీ 1987ల పోతే సమాధి మార్లవాయిలనే. ఆయన 1995ల లండన్‌ల పోతే అస్థికలు 2012ల తెచ్చి ఆమె పక్కన పెట్టిండ్రు. ఏటా జనవరి 11కు గోండులు ఆడ కూడుతరు. ఇంతకన్న ఏం మారాలె మామా, వచ్చినోళ్లైనా, ఊరోళ్లైనా?

మేనమామ: ఆయన వాలంటీర్ గాదు, నిజాం సర్కారు మనిషి. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీముని సంపినంక, గోండులు ఎందుకు తిరగవడ్డరో చూసి చెప్పమని సర్కారు ఆయనను పంపింది. భీం నెత్తురు కారకపోతే ఆ పట్టాలు లేవు, ఆ సలహాదారూ లేడు. నువ్వు చెప్పే కథల భీమే లేడు చూడు. బయటోడు అచ్చి చేసిండు అంటే, ముందుగాల కొట్లాడినోడు మాయమైతడు. నా కోపం గక్కడ.

మేనకోడలు: భీం అడిగిండు. అడిగినదాన్ని కాయితం మీదికి తెచ్చే మనిషి గూడ ఒకడు కావాల్సి వచ్చింది. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే తప్పు.

మేనమామ: మరి కాయితం ఏమైంది? సర్కారు మారింది, రాష్ట్రం మారింది, మైదానం నుంచి జనం అచ్చిండ్రు, ఆ భూములు మళ్ల చేతులు మారినయి. ఆదివాసుల భూమి బయటోళ్లకు పోవద్దని 1/70 చట్టం అచ్చినా ఆగలే.

మేనకోడలు: ఆ పోయిన సంగతి గూడ రాసింది ఆయనే. ముసలితనంల మళ్ల వచ్చి, అవే ఊర్లు తిరిగి, ఎవల భూమి ఎట్ల పోయిందో 1982ల పుస్తకం అచ్చేసిండు. తను చేసిన పని కూలిపోయిందని తనే చెప్పిండు. నలభై ఏండ్లు ఒక ఊరిని మనసుల పెట్టుకోని తిరిగిండు. రెండు వారాలకు వచ్చే పిల్లలను ఆయనతోని పోల్చుత లేను. మొదటి అడుగు వెయ్యకపోతే నలభై ఏండ్లు ఏడికెల్లి వస్తయి అంటున్న.

మేనమామ: మార్లవాయిల ఇంకో సంగతున్నది, అది నువ్వు మరిచినవ్. బడి పెట్టినప్పుడు ఆయన పోయి పాఠం చెప్పిండా? లేదు. గోండు పోరగాండ్లనే పంతుళ్లను చేసే ట్రైనింగ్ 1943ల మొదలు పెట్టించిండు. గోండీల వాచకాలు రాయించిండు. ఆయన పోయినా ఆ పంతుళ్లు ఉన్నరు. వాళ్ల పిల్లలు సదువుకున్నరు. గిప్పుడు కాసిపేటకు రా. ఒకటో తరగతి కొలాం పిల్లకు తెలుగే సరిగ రాదు, ఇంట్ల కొలామి. మీ పిల్లలకు కొలామి రాదు, తెలుగు అంతంతే. ఇద్దరు ఒకలి మొఖం ఒకలు చూసి నవ్వుకుంటరు, ఫోటో దిగుతరు. ఆ పిల్లకు కావాల్సింది కొలామి అచ్చిన పంతులమ్మ. అదే గూడెంల ఇంటర్ సదివిన ఆడిపిల్ల ఉన్నది. ఆమెను కూసోబెట్టి పని ఇయ్యి.

ఈ రాత్రి వాదంలో అన్నిటికంటే నాకు విలువైనది ఈ ముక్కే. హైమన్‌డార్ఫ్ పేరు ఆమె తన వాదం కోసం తెచ్చింది, ఆయన దాన్ని తన వాదానికి తిప్పుకున్నాడు. నిజానికి ఆ ఉదాహరణ ఇద్దరికీ పనికొస్తుంది, ఎందుకంటే మార్లవాయిలో రెండూ జరిగాయి: బయటి మనిషి గూడెం మనిషి అయ్యాడు, గూడెం మనిషి పంతులు అయ్యాడు. రెండోది జరగకపోతే మొదటిది ఒక సమాధిగా మిగిలేది.

తరువాత మాట అనాథాశ్రమాల మీదికి పోయింది. ఆ సంగతి ఎత్తింది కోడలే.

మేనకోడలు: నీకు తెల్వని తప్పులు గూడ నాకు ఎరుకే మామా. కంబోడియాల, నేపాల్‌ల విదేశాల పిల్లలు అనాథాశ్రమాలకు సేవకొస్తుంటే, వాళ్లిచ్చే పైసల కోసం తల్లిదండ్రులున్న పిల్లలను గూడ తెచ్చి అనాథలని కూసోబెట్టిండ్రు. సేవ చేసేటోళ్లు ఎక్కువైన కొద్దీ అనాథలు ఎక్కువైండ్రు. ఆస్ట్రేలియా 2018ల ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసినప్పుడు దీన్ని గూడ అందుల లెక్కగట్టింది. అందుకే నేను బడి అంటున్న, ఆశ్రమం అంటలేను.

మేనమామ: మన గిరిజన పిల్లలు సదివేదే ఆశ్రమ పాఠశాలలల్ల గదా బిడ్డా. ఏడేండ్ల పోరి అవ్వను ఇడిసిపెట్టి హాస్టల్‌ల ఉంటది. అమెరికా అక్క రెండు వారాలు ఒళ్లె కూసోబెట్టుకుంటది, జడలేస్తది, పదిహేనో రోజు పోతది. ఆ పోరికి ఏం సమజైతది? ఎవలచ్చినా పోతరని. పెద్దోళ్లం మనకే కష్టం.

మేనకోడలు: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చిన్నపిల్లల దగ్గరికి పంపద్దు, ఒప్పుకుంట.

నర్సు కాబట్టి, ఆ వృత్తి నుంచే ఆమె తన బలమైన ఉదాహరణలు తెచ్చింది. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరు, ఆమె భర్త జార్జి కలిసి 1915లో కుష్ఠురోగుల కోసం మొదలుపెట్టిన ఆస్పత్రి గురించి చెప్పింది. స్థానిక దాత నర్సాగౌడ్ డబ్బిస్తే అది లేచింది. ఊరు తాకని మనుషులను ఆమె తాకింది, ఇక్కడే చనిపోయింది. జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 68 ఏళ్ల వయసులో, 1966లో, అమెరికా పీస్ కోర్‌లో చేరి బొంబాయి పక్క విక్రోలిలో దాదాపు రెండేళ్లు నర్సుగా ఉన్న సంగతి చెప్పింది. పీస్ కోర్ 1961 నుంచి 1976 దాకా మన దేశంలో పనిచేసింది. కోళ్ల పెంపకం నేర్పడానికి ఆంధ్రప్రదేశ్ పల్లెలకూ ఆ యువకులు వచ్చారు. మామ వాటిని కాదనలేదు, కానీ ఆయన గుండెలో ఉన్న పేరు వేరు.

మేనమామ: మా యూనియన్ క్లాసులల్ల మాకు డాక్టర్ కోట్నిస్ కథ చెప్పేటోళ్లు. సోలాపూర్ మనిషి. ఆ సోలాపూర్‌ల మన తెలంగాణ నుంచి పోయిన పద్మశాలీలు ఎంతమందో నీకెరుకే. జపాన్ చైనా మీద వడ్డంక 1938ల కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. నలుగురు వాపస్ అచ్చిండ్రు. కోట్నిస్ రాలే. చైనా భాష నేర్చుకున్నడు, డాక్టర్ బెత్యూన్ పేరు మీద ఉన్న ఆస్పత్రికి డైరెక్టర్ అయ్యిండు, చైనా నర్సునే పెండ్లి చేస్కున్నడు, 1942 డిసెంబర్‌ల ముప్పై రెండేండ్లకు ఆడనే సచ్చిపోయిండు. దేశం దాటి సేవ చేసుడంటే గది. ఆడ జనం కొట్లాడుతున్నరు, డాక్టర్ కావాలని పిలిచిండ్రు, పని అచ్చినోడు పోయిండు. పిలిచిండ్రు, పని అచ్చు, ఉన్నడు. నీ పిల్లలను ఎవలు పిలిచిండ్రు? వాళ్లకు ఏం పని అస్తది?

మేనకోడలు: అంటే దేశం దాటి సేవ చేసుడు తప్పని నువ్వు గూడ అంటలేవు.

మేనమామ: ఎప్పుడన్న? పిలవని పేరంటం తప్పంటున్న.

మేనకోడలు: అయితే విను. అందరూ కోట్నిస్‌లు కావాలంటే ఎవ్వలూ కదలరు. సచ్చిపోయేదాక ఉన్నోళ్లనే లెక్కల వట్టుకుంటే సేవ దేవుండ్ల పనైతది, మనుషుల పని గాదు. అనంతపురం చూడు. విసెంట్ ఫెర్రర్ స్పెయిన్ నుంచి వచ్చిండు, 1969ల అనంతపురంల ఆర్‌డీటీ అనే సేవా సంస్థ పెట్టిండు, 2009ల చనిపోయేదాక ఉన్నడు. ఆయన ఉండుడు ఒక్కటే గాదు, స్పెయిన్‌ల మామూలు కుటుంబాలు ఒక్కో పిల్లను దత్తత లెక్క చూసుకోని నెలనెలా పైసలు పంపినయి. వాళ్లల్ల కొందరు ఆ పిల్లను చూడనీకి వచ్చిండ్రు, వారం ఉండి పోయిండ్రు. వాళ్లు కోట్నిస్‌లు గాదు. కానీ బత్తలపల్లి ఆస్పత్రి అట్లాంటోళ్ల పైసలతోనే నిలబడ్డది.

మేనమామ: ఆర్‌డీటీల నాకు నచ్చేది, పని చేసేటోళ్లు దగ్గర దగ్గర అందరూ ఆ జిల్లా మనుషులే. భయమైతున్నది గూడ ఉన్నది. విదేశీ విరాళాల అనుమతి దగ్గర చిక్కొచ్చినప్పుడు, 2025ల, ఆడి జనం రోడ్డెక్కిండ్రు. ఢిల్లీల ఒక సంతకం ఆగితే ఆస్పత్రి ఆగుతదేమోనని. బయటి పైసల మీద కట్టిన ఇల్లు గట్లనే ఉంటది.

మేనకోడలు: జనం రోడ్డెక్కిండ్రంటే అది వాళ్లదని అనుకున్నట్టే గదా. బయటోడిది అనుకుంటే ఎవలు ఎక్కుతరు? మన సింగరేణి మొదటికెళ్లి మనదేనా? 1889ల ఇల్లందుల బొగ్గు తవ్వింది బ్రిటిషోళ్ల కంపెనీ. ఈ బాయిలల్ల పనికి ఉత్తరాది నుంచి గూడ జనం వచ్చిండ్రు. ఇయ్యాల ఒక్క బాయి మూస్తమంటే మీరంత జెండాలు పట్టుకుంటరు. గూడెం లెక్కల చూస్తే నువ్వూ నేనూ గూడ బయటోళ్లమే మామా. బొగ్గు కోసం వచ్చినోళ్లం. వాళ్ల భూమిల కాలువెట్టి, ముప్పై ఏండ్లు జీతం తీస్కోని, ఆ గూడెం బడికి మనం ఏం చేసినం?

మామ దీనికి వాదన పెట్టలేదు. వాదం మొత్తంలో ఆయన కదిలింది ఇక్కడే. సింగరేణి సేవా సమితి ఉంది, కంపెనీ లాభాల్లో సామాజిక బాధ్యత డబ్బుంది, గనులున్న జిల్లాలకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. గూడెం బడికి కొలామి వచ్చిన పంతులు లేకపోవడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణమని ఈ బెల్టులో ఎవరూ చెప్పలేరు. అమెరికా పిల్లల రెండు వారాలను తూచే ముందు మన ముప్పై ఏళ్లను తూచాలని ఆమె అన్నది న్యాయమే.

మేనమామ: నువ్వన్నది కాదన. అయితే ఒక పని చేద్దాం. రేపు పొద్దున్నే ఇద్దరం గూడెం పోదాం. హెడ్మాస్టర్ దగ్గరికి గాదు, పటేల్ దగ్గరికి, ఆడోళ్ల దగ్గరికి. బడికి ఏం కావాల్నో వాళ్లనే అడుగుదాం. వాళ్లు పోరగాండ్లను రమ్మంటే రానియ్యి, నేను అడ్డం రాను. నా తెలివికి మాత్రం వాళ్లు ముందు పంతులమ్మను అడుగుతరు.

మేనకోడలు: పంతులమ్మ జీతం నేను చూసుకుంట. మొదటి ఏడాది నాది, రెండో ఏడాది ఆ పన్నెండు మంది తల్లిదండ్రులది, అది నేను అడిగి తెస్త. కానీ పిల్లలు అసలే రావద్దంటే నేను ఒప్పుకోను. డిగ్రీ అయినోళ్లు ఒకరిద్దరు, మూడు నెలలు ఉంటమనేటోళ్లు, తెలుగు వచ్చినోళ్లు వస్తరు. పంతులమ్మ కింద పని చేస్తరు, ఆమె చెప్పింది చేస్తరు.

మేనమామ: మూడు నెలలుంటే వాళ్లను తిట్టేతందుకు గూడెంకు వీలైతది. గది మంచిదే. రెండు వారాల సుట్టాన్ని ఎవ్వలూ తిట్టరు, తప్పు చేస్తే గూడ నవ్వుతరు.

పొద్దున వాళ్లు పోయారు. గూడెం ఆడవాళ్లు పంతులమ్మనే అడిగారు. దాంతోపాటు మామ అనుకోనిది ఇంకొకటి కూడా అడిగారు: నెలకోసారైనా ఒక నర్సు వచ్చి గర్భిణులను చూడాలని. కోడలు చికాగోలో చేసే పని అదే. ఆ సెలవు అయిపోయేలోపు ఆమె ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ తిరిగింది. పిల్లల సంగతి ఇంకా తేలలేదు. మామ ఇప్పటికీ అనుమానంగానే ఉన్నాడు, కోడలు ఇప్పటికీ పట్టు విడవలేదు.

నా అభిప్రాయం దాచుకోను. రెండు వారాల డిసెంబర్ యాత్ర విషయంలో నేను మామ వైపు. అది పిల్లల మనసు పెంచవచ్చు, గూడెం బడిని మాత్రం కదిలించదు. దూరం పోయినవాళ్లే దగ్గరివాళ్లను చూడగలిగారన్న విషయంలో నేను కోడలి వైపు. మందమర్రిలో, బెల్లంపల్లిలో, గోదావరిఖనిలో పుట్టి పెరిగిన మాకు పక్క గూడెం కనబడకపోవడం మా తప్పు, దాన్ని ఆమె సరిగ్గా ఎత్తిచూపింది.

విదేశాల్లో ఉన్న సింగరేణి బిడ్డలకు ఒక మనవి. ఈ ఏడాది పిల్లలతో సేవకు రావాలనుకుంటే, టికెట్ కొనకముందే ఆ బడికి ఫోన్ చేయండి. పంతుళ్లు ఎంతమంది ఉన్నారో, పిల్లల ఇంటి భాష వచ్చినవాళ్లు ఎందరో అడగండి. ఒక్కరూ లేరని చెబితే మొదటి టికెట్ డబ్బు ఆ జీతానికి పంపండి, మీరు ఆ తర్వాత రండి.